పాట లేని టేకు

గోదాము బయట మాంట్రియల్, మైనస్ ఇరవై రెండు.
లోపల జూలై.
డెబ్బై ఏడు నాటి జూలై, ప్లైవుడ్డుతో కట్టింది.

చెమట కూడా మాదే:
గ్లిజరిన్, నీళ్ళు, ఒక స్ప్రే సీసా.
నూట పది మంది
అద్దె మీసాలతో, బిగుతు ప్యాంట్లతో
తాము పుట్టని కాలాన్ని తొడుక్కుని నిలబడ్డారు.

ముందు పాట పెడతారు,
తాళం కాళ్ళకి ఎక్కేదాకా.
టక్కున ఆపేస్తారు.
హీరో మాట నాకు శుభ్రంగా కావాలి గనక
మిగతావాళ్ళు నిశ్శబ్దంలోనే ఆడాలి,
నోరు తెరిచి చప్పుడు లేకుండా నవ్వాలి,
గ్లాసులు తాకీ తాకనట్టు తాకించుకోవాలి.

మైకు కర్ర పట్టుకునేది నేను.
ఈ రాత్రులు తెరమీద ఎలా ఉంటాయో తెలుసు:
ఊదారంగు పొగ, నిదానంగా కదిలే భుజాలు,
బాత్రూము తలుపు,
చివర్లో ఎవరో ఒకరు చచ్చిపోవడం.
హెడ్‌ఫోన్లలో మాత్రం ఇంతే,
రెండొందల ఇరవై బూట్లు
రేకు మీద చినుకులు మొదలైనట్టు.
మధ్యలో ఒక మోకాలు కిర్రుమంటుంది.

అది గయెతాన్‌ది.
డెబ్బై నాలుగేళ్ళు. జూనియర్ ఆర్టిస్టుల్లో సీనియర్.
అసలు క్లబ్బులో కోట్లు దాచే కిటికీ దగ్గర పనిచేశాడట.
సెట్టంతా తిరిగి ఒక్క తప్పే పట్టాడు:
"అద్దాలు ఎక్కువయ్యాయి.
మేం అద్దాలకేసి కాదు, తలుపుకేసి చూసేవాళ్ళం."

మూడో టేకు. పాట ఆగింది.
అందరూ ఆడుతున్నారు.
గయెతాన్
ఎదుటి కుర్రాడి నడుం మీంచి చెయ్యి
చుర్రుమన్నట్టు తీసేసి,
పక్కనున్న అమ్మాయిని జబ్బ పట్టి లాగి
ఆమెతో, జానెడు ఎడంగా, ఎంతో మర్యాదగా
పెళ్ళిళ్ళలో వేసే అడుగులేవో వేస్తున్నాడు.

కట్.

డైరెక్టరమ్మ దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.
"పాట ఆగిందంటే పోలీసులే" అన్నాడు.
"నాకు తెలుసమ్మా ఇది సినిమా అని.
కాళ్ళకి చెప్పలేదు."

ఆ రాత్రి ఆఖరి పని నాదే:
గది ఒట్టి నిశ్శబ్దాన్ని ముప్పై సెకన్లు పట్టుకోవడం.
ఎవరూ కదలకూడదు, దగ్గకూడదు.
లైటు బాయ్ నిచ్చెన మీదే ఆగిపోయాడు.
పదకొండో సెకను దగ్గర బట్ట గరగరలాడింది.
కళ్ళెత్తి చూశాను.
ఆ కుర్రాడు, పేరు థియెరీ అనుకుంటా,
ముసలాయన చేతిని తీసుకుని
ఇందాక ఉన్నచోటే, తన నడుం మీద, పెట్టుకుంటున్నాడు.
మోకాలు కిర్రుమంది.

మళ్ళీ తీద్దాం అనాలి, రూలు ప్రకారం.
అనలేదు.
కాగితం మీద రాసుకున్నాను:
గది నిశ్శబ్దం. ఒక్కటే టేకు. పనికొస్తుంది.