రెండు సందుల అవతల

లిఫ్టులమ్ముతాను నేను.
ఆరుగురు మనుషులు, నాలుగొందల ఎనిమిది కిలోలు,
లోపలొక అద్దం, పైన చిన్న ఫ్యాను,
కరెంటు పోతే దగ్గరి అంతస్తుకి చేర్చి
తలుపు తెరిచే బుద్ధి.
ఇదంతా నేను చెప్పకముందే
కస్టమరు నన్ను సగం కొనేసి ఉంటాడు
లేదా వదిలేసి ఉంటాడు,
గేటు దగ్గర నేను కారు దిగిన ఆ కాసేపట్లోనే.

నా పాత ఆల్టోకి ఎడమ చెంప మీద సొట్ట.
మూసాపేటలో ఆటో పెట్టిన ముద్దు.
ఏసీ వేస్తే గుట్ట ఎక్కదు,
గుట్ట ఎక్కాలంటే ఏసీ ఆపాలి.
జూబ్లీహిల్స్‌కి చెమటతో వెళ్తాను, చల్లగా దిగుతాను.
"లిఫ్టులమ్మే మనిషి బండే పైకెక్కకపోతే ఎట్లా మేడం"
అన్నాడు మా మేనేజరు ఫణిభూషణ్.
నవ్వాను,
నెలాఖరు టార్గెట్ ఉన్నవాళ్లు నవ్వే నవ్వు.

కోకాపేటలో వాచ్‌మన్‌కి కార్లు చదవడం వచ్చు.
నాదాన్ని ఒక్క చూపులో చదివి
"సామాన్లు దించే గేటు వెనక" అన్నాడు.
బిల్డరు కిటికీలోంచి కిందికి చూసి
నా కార్డుని టీ కప్పు కింద పెట్టుకున్నాడు.

ఆ నెలే అప్పు చేసి తెల్లది, పెద్దది తీసుకున్నాను.
సెకండ్ హ్యాండని చెబితే తప్ప తెలియదు.
అరవై వాయిదాలు.
వారం రోజులు గేట్లన్నీ సలాం కొట్టాయి.
ఆ బిల్డరే కుర్చీలోంచి సగం లేచి
"కారు మీ సారుదా?" అన్నాడు.
"బ్యాంకుదండీ" అన్నాను.

బేగంబజార్లో మాత్రం
పప్పుల గోదాముకి గూడ్సు లిఫ్టు అడిగిన గోవర్ధన్‌దాస్ సేఠ్,
సందులో ఇరుక్కుని, అద్దాలు మడుచుకుని,
అరగంట హారన్లు తిని వచ్చిన నన్ను
గద్దె మీంచి తీరిగ్గా చూశాడు.
కోటేషన్ మీద పెన్ను ఆడిస్తూ అడిగాడు:
"ఇందులో లిఫ్టెంత, నీ కారెంత, బేటీ?"
ముప్పై వేలు తగ్గించాకే లేవనిచ్చాడు.
ఆయనది తుప్పు పట్టిన స్కూటరు.
బజారు సగం ఆయనకి బాకీ.

అందుకే ఆల్టోని అమ్మలేదు.
పొద్దున్నే, ఏ పెళ్లికి ఏ చీరో చూసినట్టు
ఏ పేటకి ఏ తాళమో చూసుకుంటాను.
తేల్చుకోలేని చోట
రెండు సందుల అవతల ఆపేసి
చెప్పులు దులుపుకుని నడిచి వెళ్తాను.
కారే లేని మనిషి మీద అనుమానముండదు,
కొంచెం జాలుంటుంది,
జాలికి జీఎస్టీ పడదు.

అల్వాల్‌లో ఈశ్వరమ్మ ఇల్లు.
ఇరవై ఏళ్లు మిర్చిబండి దగ్గర నిలబడి
మోకాళ్లు అరగదీసుకుని కట్టిన మూడంతస్తులు.
కింద వాటాలన్నీ అద్దెకి. తను పైన.
నేను రొప్పుతూ చేరేసరికి మంచినీళ్లిచ్చి అడిగింది:
"తెల్లది గా ట్రాన్స్‌ఫార్మర్ కాడ పెట్టినవు గదా,
ఎండల గింత దూరం ఎందుకు నడిసినవ్ బిడ్డా?"

డాబా మీంచి అంతా కనిపిస్తోంది.
ఎత్తులమ్ముకుని బతికే నాకు
ఎత్తునుంచి చూసేవాళ్లుంటారని తట్టలేదు.
ఇక్కణ్ణుంచి నా పెద్ద కారు
ఉత్త పైకప్పు,
మీద మూడు రోజుల పావురాల రెట్ట.

"మా బండికి గూడ ఓపాలి ఎర్రరంగు ఏయించిన.
గిరాకి పెరగలేదంటే అబద్దం.
పదొద్దులు పెరిగింది.
అటెన్క మల్ల మిర్చే చూసిన్రు."

బ్రోచర్‌లో అద్దం చూడలేదు, ఫ్యాను చూడలేదు.
"గిది నడుమల ఆగి, లోపట నేనొక్కదాన్నే ఉంటే
నువ్వొస్తవా, ఎవల్నన్న పంపుతవా?"
"నేనే వస్తానమ్మా."
"గప్పుడు గూడ గా ట్రాన్స్‌ఫార్మర్ కాడ్నే ఆపుతవా?"

నా బ్యాగులో దీనికి జవాబు లేదు.

సంతకం పెట్టలేదు. కోడల్ని అడగాలంది.
మెట్లు లెక్కపెడుతూ దిగాను, అరవై రెండు,
నా వాయిదాల కంటే రెండు ఎక్కువ.

మర్నాడు కొలతలకి వెళ్లినప్పుడు
ఆల్టోని తెచ్చి, సొట్ట రోడ్డువైపు పెట్టి,
ఆమె గేటుకి ఆనేలా ఆపాను.
పైకి చూశాను.
డాబా మీద ఎవరూ లేరు.