నీవా

నలభై ఒక్క కాగితాలు
గుడ్డసంచిలో వేసుకొని గిరింపేట ఇంటికి తెచ్చుకొన్నాను.
నేనిచ్చిన అంశం: మా ఊరి ఏరు.

మొదటి కాగితంలో గోదారి.
చక్కటి తెలుగు. ఒక్క తప్పు లేదు.
పదికి ఎనిమిది వేసి పక్కన పెట్టాను.

రెండో కాగితంలోనూ గోదారి,
దాని మీద పడవ, పడవలో పల్లెపడుచు పాట.
మూడు, నాలుగు, ఏడు...
తవణంపల్లెలో గోదారి, యాదమరిలో గోదారి,
వెయ్యడుగులు దించినా తెల్లదుమ్ము కక్కే
బంగారుపాళెం బోర్లల్లో గలగలా గోదారి!

నవ్వొచ్చింది.
కాఫీ చల్లారేలోగా ఆ నవ్వూ పోయింది.

వెండి తీగలా మెరిసే నీళ్ళు,
తల్లి ఒడిలా చల్లని గట్టు.
పంతొమ్మిది మంది తల్లులకు
ఒకే ఒడి.

జ్ఞానశేఖరు మరీ నిజాయితీపరుడు.
ఫోను చెప్పింది చెప్పినట్టు, ఆఖరి మాట కూడా వదలకుండా
గుండ్రటి అక్షరాలతో ఎక్కించాడు:
"మీకు ఇంకేమైనా సహాయం కావాలా?"
కింద స్కేలు పెట్టి రెండు గీతలు.

కావాలి నాయనా.
ఈ ఎర్రపెన్ను మూత తీసి
ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పాలి.

మర్నాడు ఒక్కొక్కరినీ లేపి అడిగాను.
ఇది రాసింది నీవా?
నీవా?
నీవా?

కిటికీ అవతల, వంతెన కింద
ఆ పేరే పెట్టుకొన్న మా చిత్తూరు ఏరు
పలకలేదు.
దాని ఇసుక ఎప్పుడో లారీలెక్కి పోయింది.
కంపచెట్లు, కోడి ఈకలు, చారెడు మురుగు.
ఏటికి ప్రశ్నను పేరుగా పెట్టిన పెద్దలెవరో గానీ
జవాబు వాళ్ళకూ తెలిసినట్టు లేదు.

తరగతిలో ఫ్యాను ఒక్కటే మాట్లాడుతోంది.
అప్పుడు చివరి బెంచీలో గోమతి లేచింది.
సీజనంతా అమ్మ పక్కన నిలబడి గుజ్జు ఫ్యాక్టరీలో
తోతాపురి టెంకలు తీసిన చేతులు,
గోళ్ళచుట్టూ ఇంకా సొన మచ్చలు.

"పోయిన తూరి నేనే రాస్తిని మేడమ్.
మాయమ్మ బిందె దీసుకోని వంకలోకి పొయ్యేది,
ఇసకలో చెలమ తీసేది,
నీళ్ళు ఊరేదంక గెట్టున కూసోని వక్కాకు నమిలేది,
అదంతా రాస్తిని.
మీరు 'తూరి' కొట్టేస్తిరి. 'కూసోని' కొట్టేస్తిరి.
'మాయమ్మ' కాడ సున్నా చుట్టి
'మా అమ్మ' అని దిద్దితిరి.
పదికి మూడు.
ఈ తూరి ఫోన్నడిగితి.
కొట్టేసేదానికి మీకేమీ దొరకలా."

గట్టిగా అనలేదు. అని కూర్చుంది.

నా చేతిలో కట్ట. అన్నిటికీ పైనున్నది ఆ పిల్ల కాగితమే.
అనుమానం పుట్టకముందు వేసిన ఎనిమిది
అక్కడే, ఎర్రగా.

తప్పు వాళ్ళది కాదనను.
ముప్పైమూడు సున్నాలు పెట్టాను, ఆ ఎనిమిదినీ కొట్టేశాను.
కానీ నేను పుట్టిందీ ఇక్కడే, పలమనేరు పక్కన.
కయ్య, గెనుము, ఊరుబిండి అనే నోటిని
ఎక్కడో కుదవపెట్టి ఈ ఉద్యోగం విడిపించుకొన్నదాన్ని.
ఇరవై రెండేళ్ళుగా పలికే ఈ నున్నటి వాక్యాల్లో
నావి ఎన్నని
ఎవరైనా నన్ను లేపి అడిగితే?

గోమతిని వరండాలో ఆపి
ఆ చెలమ వ్యాసం మళ్ళీ రాసియ్యమన్నాను.
"గెవనం లేదు మేడమ్" అనింది.
ఉంది.
నాకివ్వదు, అంతే.

ఏడాది చివర పాత కాగితాలు
కిలోల లెక్కన నేనే అమ్మించాను.
ఇప్పుడు బస్టాండులో ఉడకేసిన చెనక్కాయలు కొన్నప్పుడల్లా
తినడం మర్చిపోయి
పొట్లం విప్పి చదువుతున్నాను.