అంటుకోనిది నాది

ఏప్రిల్ చివర్లో బ్యారేజీ గేట్లన్నీ దించేస్తే
దిగువన కృష్ణ
ఇసుకలో అక్కడక్కడా చతికిలబడుతుంది.
అప్పుడు మొదలవుతుంది నా పని.

రేడియోలు బాగుచేయించుకునేవాళ్ళు
వన్‌టౌన్‌లో ఇక ఎవరూ లేరు.
మిగిలిపోయిన రాగితీగను బకెట్ మూత చుట్టూ చుట్టి,
బూజుకర్రకు బిగించి,
ఒక చెవే పలికే హెడ్‌ఫోన్ తగిలించుకుని
రైలు వంతెన కింద నడుస్తుంటాను.
పైనుంచి చూసినవాళ్ళకి
ఎవడో ముసలాడు ఏటిని ఊడుస్తున్నట్టుంటుంది.

సోడా మూత గరగరమంటుంది.
నిమజ్జనమైన వినాయకుడి కడుపులోని ఇనప చువ్వ
పంచాయితీ పెద్దలా ప్రతిదానికీ అడ్డొచ్చి అరుస్తుంది.
పుష్కరాలనాటి పిన్నీసులు సరేసరి.
రాగి అరవదు.
స్టేషను దొరకబోయే ముందు
ముల్లు వెంట్రుకవాసి జరిపితే వస్తుందే, ఆ సన్నటి కూత,
అదీ దాని గొంతు.
నలభై ఏళ్ళు ఆ కూత మీదే బతికిన చెవి నాది.

నాగూర్‌బీది తారాపేట.
పేలిన లౌడ్‌స్పీకర్లోంచి నేను ఊడదీసిచ్చిన అయస్కాంతం,
దానికి పది మూరల నైలాన్ తాడు, అంతే ఆమె సరంజామా.
మడుగులోకి విసురుతుంది, లాగుతుంది,
కొంగుతో తుడిచి సంచిలో వేస్తుంది.
మొదటిరోజే మాట అనుకున్నాం.
అంటుకున్నది ఆమెది.
అంటుకోనిది నాది.

ఆమె స్టీలు రూపాయలు సాయంత్రానికి పాలపాకెట్టవుతాయి.
"నీవాటికి సింగిల్ టీ అన్నా వస్తదా, రేడియో?"
రాదు.

ఈమధ్య పైనుంచి పడేదీ తగ్గింది.
అద్దాలు బిగించిన పెట్టెలు,
అద్దాల వెనక దణ్ణం పెట్టే నీడలు.
ఫోన్లో ఉన్న డబ్బు
ఏట్లో వేయడం ఎట్లాగో ఎవరికీ తెలీదు.

నాకు దొరికిన మొట్టమొదటి రాగి డబ్బును
చింతపండు పెట్టి, బూడిద పెట్టి
మా అమ్మ మరచెంబు తోమినట్టు తోమాను.
తళతళలాడింది.
రాజు ముఖం పోయింది, ఏడాది పోయింది,
అద్దంలా నా ముఖమొకటి మిగిలింది.
ఆ సిగ్గు ఇంకా పోలేదు.

ఇప్పుడు బ్యాటరీ నీళ్ళలో నానబెడతాను.
ఆదివారానికొకసారి నీళ్ళు మారుస్తాను.
తుమ్మముల్లుతో, ఊపిరి బిగబట్టి,
మట్టిని మాత్రమే అడుగుతాను లెమ్మని.
లేవనంటే ఇంకో ఆదివారం.

ఒక శుక్రవారం, వంతెన ఎనిమిదో స్తంభం దగ్గర,
మోచేతి లోతున
చిల్లు కానీ.
కిరీటం సగం, పంతొమ్మిది నలభై నాలుగు పూర్తిగా.
నాగూర్‌బీ అయస్కాంతానికి ఆనించింది. జారిపోయింది.
"నీదే" అంది.
అంది గానీ గుప్పిట తెరవలేదు.

"ఇట్టాంటిదే మా నానమ్మ
మా పెద్దన్న మొలతాడుకి కట్టింది.
కానీ..."

ఆ కానీ దగ్గర ఆగిపోయింది.
తర్వాతేమిటని నేనడగలేదు.
మడుగు పక్కనే ఉంది.

మూడు ఆదివారాలు పట్టింది.
చిల్లు అంచున ముల్లు తిప్పుతుంటే
భూతద్దంలో నల్లగా, వెంట్రుకంత, ఏదో.
నాచో, నూలుపోగో.
రాగి పక్కనుంటే నూలు తొందరగా కుళ్ళదని
ఎక్కడో విన్నాను, నిజమో కాదో.
ముల్లు కింద పెట్టేశాను.

మర్నాడు ఇసుకలో ఆమెకివ్వబోతే
చేతులు వెనక్కి పెట్టుకుంది.
"సంచిలో వేస్తే రూపాయలకి రాసుకుని అరిగిపోద్ది.
నీకాడే ఉండనీ, కాయితంలో చుట్టి.
నేనొచ్చి చూసుకుంటాలే."

శుక్రవారం షట్టరు సగమే ఎత్తాను.
వంగి లోపలికొచ్చింది,
టంకం వాసనకి ముక్కు చిట్లించి
స్టూలు మీద కూర్చుంది.
పొట్లం విప్పి బల్బు కింద పెట్టాను.

చాలాసేపు చూసి
"నల్లగానే ఉందిగా" అంది.

నల్లగానే ఉంది, అన్నాను.