నానుతున్న నువ్వుగింజ

నా నోట్లో నువ్వుగింజ నానదని
వీధంతా చెప్పుకు తిరిగిన మా మేనత్తే
ఇప్పుడు నానబెట్టమంటోంది.
పదకొండు రోజులైంది.
నాలుక కింద అది ఉబ్బి ఉబ్బి
పిడికెడంత అయింది.

సినోప్ రేవు వెనక సందులో
తెల్లవారుజామున నాలుగింటికి
నెజాతి ఉస్తా పొయ్యి రాజేస్తాడు.
నేను పిండిని రెండు పేటలుగా పేని, మెలేసి,
కొసలు కలిపి గుండ్రంగా చుట్టి
ద్రాక్షపాకం నీళ్ళలో ముంచి
నువ్వుల పళ్ళెంలో దొర్లిస్తాను.
రోజుకి మూడొందల అరవై సిమిట్లు.
నల్లసముద్రం మీద ఇంకా వెలుగు రాకముందే
నా జుట్టులో, చెవుల్లో, చెప్పుల్లో నువ్వులు.

పనిలో చేరిన మూడోవారం ఫలితాలొచ్చాయి:
ఎర్జురూమ్. పశువైద్యం. అయిదేళ్ళు.
పేరు నాదేనా అని
పిండిచేత్తో ఫోను తుడిచాను.
ఇంకా మసకైంది.

"అబద్ధమాడమన్నానా?" అంటుంది మేనత్త,
"అడగని ప్రశ్నకి జవాబివ్వొద్దన్నాను.
జీతం చేతిలో పడనీ.
బస్సు ఖర్చు ఎవరిస్తారు, గేదెలా?"

నిజమే, ఆయన అడగలేదు.
మొదటిరోజు ఒక్కటే అడిగాడు:
"చెయ్యి వేడికి ఆగుతుందా?"
ఆగుతుందన్నాను. ఆగింది కూడా.
ఎన్నాళ్ళుంటావని అడిగుంటే...
అడగలేదు కదా.

నా ముందు బెదిర్హాన్ అని ఒకడుండేవాడట.
ఆరడుగుల పైన మనిషి.
ఓ శుక్రవారం టీ తాగొస్తానని వెళ్ళి
ఇస్తాంబుల్ బస్సెక్కాడట.
పొంగిన పిండి తొట్టి అంచు దాటి
బల్ల మీదికి, నేల మీదికి,
గడప దాకా వచ్చిందట.
ఇది ఉస్తా చెప్పలేదు,
ఎదురు టీకొట్టు వాళ్ళు చెప్పారు, నవ్వుతూ.
ఉస్తా వాడి తెడ్డు మాత్రం దాచాడు.
దాంతోనే నేను పొయ్యిలోకి సిమిట్లు తోస్తాను.
నా పొట్టిచేతులకి అది పడవ తెరచాప కొయ్య.
ఇలా లాగితే చాలు
కొస వెళ్ళి వెనకగోడకి ఠంగుమంటుంది.

నిన్న ఆయన కొత్త బీచ్ కర్ర తెప్పించాడు.
నన్ను పక్కన నిలబెట్టి
భుజం ఎత్తున పెన్సిల్ గీత గీశాడు.
"చలికాలం నుంచి పొయ్యి నీది.
నా మోకాళ్ళు ఇక మాట వినవు."

రాత్రి నిద్ర పట్టలేదు.
చెబితే రేపే ఇంకొకర్ని వెతుక్కుంటాడు,
నా సెప్టెంబరు జీతం గాలికి.
చెప్పకపోతే
ఆయన రోజుకో మెలిక నేర్పుతాడు,
నేను రోజుకో అప్పు నేర్చుకుంటాను.
అంతకన్నా ఆ గీత.
నాకే సరిపోయే ఎత్తు.
కోసిన కర్రని ఎవరూ అతకలేరు.
నా తర్వాత వచ్చేవాళ్ళు
నా ఎత్తుకి వంగి పనిచేయాలి.

ఇవాళ ఆయన రంపం తీశాడు.
గీత మీద పళ్ళు ఆనించాడు.
కాస్త రంపపు పొట్టు రాలింది,
నువ్వుల రంగులోనే.

"ఉస్తా, ఆ కర్ర ఇప్పుడే కోయకండి."

రంపం ఆగింది.
పొయ్యిలో మంట మాత్రం తన గొడవ తనదే.
చాలాసేపటికి, ఇటు తిరక్కుండానే,
"ఎప్పటిదాకా?" అన్నాడు.

నోరు తెరిచాను.
మూడు వారాలు అన్నానో,
ఎర్జురూమ్ అన్నానో,
గేదెలు అన్నానో గుర్తులేదు.
అన్నీ ఒకేసారి రాలాయి.

ఆయన పెన్సిల్ చెవి వెనక దోపుకున్నాడు.
కర్రని గోడకి ఆనించాడు, నిలువుగా, పొడుగ్గా.
"ముందు అవి లోపల పెట్టు," అన్నాడు,
"ఎండిపోతున్నాయి."

పాత తెడ్డు అందుకున్నాను.
కొస వెళ్ళి గోడకి తగిలింది.