తీగను మూడుసార్లు అడుగు

కారకెట్‌లో అక్టోబరు గాలి
ఉప్పు చేతులతోనే తలుపు తడుతుంది.
అఖాతం గాలికి ఎదురుపడకుండా
లియొంటీన్ గారి తూర్పు గోడ వారన కొలత వేశాం:
గోడకి ఒకటిన్నర అడుగు ఎడం,
నేలకి మూడడుగుల ఎత్తున ఇనప స్టాండు.
"మరీ అంతెత్తా?" అన్నాను.
"ఫిబ్రవరిలో రా, చెబుతా" అన్నాడు ఓవిలా.
ఆవిడ కిటికీ చట్రం చూపించింది.
పెన్సిల్ గీతలు, పక్కన సంవత్సరాలు.
పిల్లల ఎత్తనుకున్నాను.
మంచు ఎత్తట.

ఇంటి కింద పాకాల్సినంతే చోటు.
ముక్కుకి మాస్కు, నెత్తిన దీపం,
బొజ్జ మీద జరుగుతూ పోతే
పాత రేకు గొట్టాలు, ప్రతి అతుకు దగ్గరా
వేడి కారిపోయిన నల్లటి చార.
ముప్పై ఏళ్ళు ఆయిలు కొన్నది ఆవిడ,
చలి కాచుకున్నవి ఎలుకలు.
కుంచె నిండా బంక ముంచి పూస్తూ పోయాను.
"పొదుపు చెయ్యకు, నీ సొమ్మా?" అని
అవతల చీకట్లోంచి గొంతు.
రేకు అంచు ఊరుకునే రకం కాదు.
ఒకనాడు తొడుగు లేకుండా పట్టుకున్నందుకు
ఓవిలా చూపుడువేలు
అప్పట్నుంచీ సగమే చూపిస్తుంది.

పాత ఫర్నేస్ బ్రేకరు దించాడు. తాళం వేశాడు.
ఎర్ర చీటీ మీద నా చేత్తో నా పేరు రాయించి,
మిరెయ్ హాషే, అని పైకి చదివి,
తాళంచెవి నా జేబులో పడేశాడు.
"ఇక ముట్టుకోవచ్చా?"
"అడుగు."
"ఎవర్ని?"
"తీగని.
ముందు బతికున్నదాన్ని అడుగు,
మీటరుకి నోరుందో లేదో తెలుస్తుంది.
తర్వాత చచ్చిందనుకున్నదాన్ని.
మళ్ళీ బతికున్నదాన్ని.
మధ్యలో మీటరే పోయి ఉండొచ్చు."

అడిగాను.
చచ్చిందనుకున్న తీగ
నూట ఇరవై అంది.

ఓవిలా అరవలేదు.
"చెయ్యి వెనక్కి తీసుకో" అన్నాడు
పాలు పొంగేలా ఉన్నాయి చూడు, అన్నంత మామూలుగా.
నా మోకాళ్ళకి మాత్రం అప్పుడు తెలిసింది
తడి మట్టి మీద ఉన్నామని.

ఆ తీగ వెంట పడ్డాం.
దూలం మీదుగా, గోడలోంచి, షెడ్డు దాకా,
అక్కడ ఫ్రీజరు బ్రేకరు చంకలో దొరికింది.
వంకర మేకులు, నల్ల టేపు చుట్టలు.
ఆల్సీడ్ గారి పని.
పీతల పడవ ఒడ్డెక్కిన ఏ చలికాలంలోనో
తోచక కలిపిన కరెంటు.

"పోయి ఏడేళ్ళయింది" అంది లియొంటీన్ మెట్ల మీంచి,
"ఇప్పటికీ తన వస్తువు ఎవరు ముట్టుకున్నా ఊరుకోడు."
బాగా నవ్వింది.
మేం తీగ విప్పి, మూతి మూసి,
చెత్త సంచీలో వేస్తుంటే చెయ్యి చాపింది.
"ఆ టేపు ఇలా ఇవ్వండి.
కత్తెర వెతికే ఓపిక లేదు ఆయనకి.
చివర చూడండి, పళ్ళ గాటు."

మిగతాది ఓపిక పని.
రాగి గొట్టాల్లో నైట్రోజన్ నింపి రాత్రంతా వదిలేశాం,
తెల్లారికి ముల్లు వెంట్రుకవాసి కదల్లేదు.
నట్టుని రెంచి టిక్కుమనేదాకా, ఆపైన ఒక్క పిసరు వద్దు.
వాక్యూమ్ ఐదువందల మైక్రాన్ల కిందికి దిగి
అక్కడే నిలబడేదాకా కాఫీ లేదు.
ఆఖర్న స్విచ్ వేస్తే
వెలుపలి డబ్బా ఒకసారి గొంతు సవరించుకుని
ఎముకలు కొరికే ఆ గాలిలోంచే
కాస్త వెచ్చదనం పిండి లోపలికి పంపింది.
ఆవిడ పై స్వెట్టరు విప్పి కుర్చీకి తగిలించింది.
రెండోది విప్పలేదు. నమ్మకం కుదరాలిగా.

ఫిబ్రవరిలో ఫిల్టరు మార్చడానికి ఒక్కదాన్నే వెళ్ళాను.
స్టాండు కాళ్ళు మంచులో మునిగాయి,
డబ్బా అడుగుకీ మంచుకీ మధ్య బెత్తెడు.
చెప్పక్కర్లేకపోయింది ఓవిలాకి.
తాళం వేశాను, చీటీ కట్టాను,
తీగని మూడుసార్లూ అడిగాను.
ఈసారి నిజంగానే మాట్లాడలేదు.

వస్తూ కిటికీ చట్రం వంక చూశాను.
ఈ ఏటి ఎత్తు దగ్గర పెన్సిల్ గీత లేదు,
అంగుళం నల్ల టేపు అంటించి ఉంది,
ఒక చివర ఎగుడుదిగుడుగా.