తెగని నరానికి రసీదు

మిర్యాలగూడ, రైసుమిల్లుల ఎనక గ్రౌండు.
పొద్దుగాల ఐదున్నరకు గడ్డి మీద తెల్లగ కనపడేది
మంచు కాదు, తవుడు దుమ్ము.
నేను ఆడను. లెక్క రాస్త.
మిల్లుల గుమస్తాను,
ఈ హమాలీల టీముకు గూడ గుమస్తానే.

పోయినేడు కోదాడోళ్లతోని మ్యాచి.
మల్సూరు బాలు కోసం ఎగిరి, దిగిండు.
ఎవ్వడు తన్నలే. ఎవ్వడు తాకలే.
పచ్చికట్టె ఇరిగినట్టు ఒక్కటే చప్పుడు,
గీత అవుతల నిలబడ్డ నాకు గూడ ఇనొచ్చింది.

ఆ చప్పుడు ఖరీదు రాసిపెట్టిన.
ఎమ్మారైకి ఏడు వేలు.
ఆపరేషన్‌కు లక్షా అరవై.
హైదరాబాదుకు పదకొండు మాట్ల పోవుడు, వచ్చుడు,
కాలు మడవరాదు కాబట్టి
మనిషొక్కడే, సీట్లు రెండు.
బస్తా ఎత్తని ఏడు నెలలు.
అమ్మిన బండి.
ఇంటామె సోమక్క మాట్లాడని పదహారు రోజులు:
అది ఏ పద్దు కింద రాయాల్నో తెల్వక
అంచుల పెన్సిల్‌తోని రాసిన.

ఎదురు పేజీ జసింతమ్మది.
సర్కారు దవాఖానల నరాలు, కీళ్లు సాఫు చేసే ఆమె
పాత క్యాలెండర్ ఎనక బొమ్మలు గీసిచ్చింది.
ఒంటికాలు మీద నిలబడుడు.
ఎగిరి, పిల్లి లెక్క సప్పుడు గాకుంట దిగుడు.
ఒకడు మడిమెలు ఒత్తిపడితే ఇంకొకడు
మోకాళ్ల మీదనుంచి
నానిన మట్టిగోడ ఒరిగినట్టు
మెల్లగ, ఇంకా మెల్లగ, ముందుకొరుగుడు.

పోరగాండ్లు నవ్విండ్రు.
"బాలాడనీకొచ్చినమా, డ్రిల్లు పీరియడ్‌కొచ్చినమా?"
పైస ఖర్చు లేదంటే అబద్ధమే.
పద్దెనిమిది మంది, ఇరవై నిమిషాలు,
అంటే ఆరు గంటల మనిషి కష్టం.
హమాలి రేటు కడితే ఆరొందలు.
వారానికి రెండు మాట్ల, ఇరవై ఆరు వారాలు:
ముప్పై ఒక్కవేల రెండొందలు.
మల్సూరు మోకాలు ఎదురుంగ పెట్టి చూసిన.
త్రాసు ఎటు మొగ్గుతదో మిల్లోనికి చెప్పాల్నా?

సేటు మాత్రం అడిగిండు:
"సరే, వచ్చిన లాభం ఏది? చూపియ్."
ఈ ఏడు ఇద్దరికి కాలు బెణికింది.
ఖలీలుకు పన్ను ఊడింది, దానికే కసరత్తు లేదు.
మోకాలు ఒక్కటి పోలే.
"పోనిది లాభమెట్లయితదయ్యా?"
నూకలకు రసీదుంది, తవుడుకు రసీదుంది,
తెగని నరానికి ఎవరిస్తరు?
కసరత్తు పున్నెమో, నసీబో,
పద్దెనిమిది మందిని, ఒక్క ఏడును చూసి
చెప్పరాదంటది జసింతమ్మ గూడ.
నేను జమ పేజీ ఖాళీగనే ఇడిసిన.

మల్సూరు ఇగ ఆడడు.
అందరికంటె ముందుగాల వస్తడు,
ఒక కాలు కొద్దిగ ఎనకబడుతది.
ప్లాస్టిక్ కుర్చీలకెల్లి కేకేస్తడు:
"మోకాలు లోపటికి పోనియ్యకురా పర్వతాలూ,
బొటనేలు దిక్కు చూడాలె, బొటనేలు దిక్కు!"
ఇరవై నిమిషాలయిపోయినంక గూడ
ఇంకో ఐదు నిమిషాలు ఇడువడు.
ఎవ్వడు ఎదురుమాట్లాడడు.

ఆ ఐదు నిమిషాలు
నేను లెక్కల ఎక్కించను.