లోపలి చక్రం

ఆటోనగర్‌లో గాజుబల్ల మీద
రెండు రకాల సెన్సార్లు పరిచాడు కుర్రాడు.
వాల్వుకి మూతలా బిగించేది,
టైరు విప్పి రిమ్ముకి కట్టేది.

మా బండింటికి ఆరు చక్రాలు.
వెనక జంటల్లో లోపలివి ఎవరికీ కనబడవు.
పోయినేడు అనంతగిరి ఘాట్‌లో
ఒకటి చప్పుడు లేకుండా చచ్చి
తన మోత పక్కదాని మీద పెట్టింది.
కమురు వాసనొచ్చేదాకా
సీతాఫలం గింజలు ఉమ్ముకుంటూ పోతూనే ఉన్నాం.

పంక్చర్ల అసిరయ్య రాడ్డుతో తట్టి
చెవొగ్గి చెప్పేవాడు: "ఇది అలిసిపోనాదమ్మా."
ఇప్పుడాయనకి నా హారనే వినబడదు.

"ఉప్పుగాలికి ఈ మూత పచ్చబడదా?"
కుర్రాడు సముద్రం వైపు చూసి ధర తగ్గించాడు.
అయినా లోపలిదే కట్టించాను.

రాత్రి భీమిలి దారిలో ఆగి పడుకుంటే
తెర మీద ఆరు అంకెలు.
ఐదు డెబ్బై.
ఒకటి అరవై ఎనిమిది.

తగ్గిన ఆ రెండింటి కోసం
తెల్లారేదాకా మేలుకున్నాను.